గానుగ మీద ఎర్ర రంగు

ఇనుము తన మాట వింటుందని అనసూయమ్మ నమ్మకం. అది ఊరు ఇచ్చిన బిరుదు కాదు, తనకు తానే ఇచ్చుకున్నది. కాకపోతే ఊరు కూడా దాన్ని కాదనలేదు. బోధన్ దాటి మంజీర వైపు పోతుంటే చెరుకు తోటల నడుమ వచ్చే ఆ ఊళ్లో ఎవరి ట్రాక్టరు మొరాయించినా, ఎవరి మందు కొట్టే పంపు ఉమ్మడం మానేసినా, మెకానిక్కుకు ఫోన్ చేసే ముందు ఒకసారి ఆమె వాకిట్లో ఆగుతారు. ఆమె కొంగు నడుముకు చుట్టి, గాజులు మోచేతి దాకా ఎగదోసి, గుమిగూడిన మగవాళ్లను ఎగాదిగా చూస్తుంది.

"మీరంత జర నోర్లు మూస్తె, మిషనేమంటుందో ఇంట" అంటుంది.

నోళ్లు మూతపడతాయి. ఆమె పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుంటుంది. కళ్లు తెరిచాక చెప్పే మాట పదిలో తొమ్మిదిసార్లు నిజమవుతుంది. పదోసారి సంగతి ఆమె ఎక్కడా చెప్పదు.

భర్త దేవన్న మట్టి మనిషి. విత్తనం అరచేతిలో పోసుకుని మొలక సంగతి చెప్పగలడు గాని, బోల్టు ఎటు తిప్పితే బిగుస్తుందో ఇప్పటికీ తడబడతాడు. అందుకే పెళ్లయిన కొత్తలోనే పంపకం జరిగిపోయింది. పొలం ఆయనది, ఇనుము ఆమెది. ఈ పంపకంతో ఇద్దరికీ ఏ పేచీ రాలేదు.

ఈ విద్య ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగిన పిల్ల, బాపుకు సద్ది పట్టుకుపోయి, ఆయన తినేంతసేపూ చెరుకు నలిపే ఆ పెద్ద పెద్ద రోలర్ల చప్పుడు వింటూ కూర్చునేది. "మిషన్‌కు గ్రీజు అన్నం లెక్క బిడ్డా. ఆకలైనంక కాదు, ఆకలి కాకముందే పెట్టాలె" అనేవాడాయన. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు సారె సామాన్ల అడుగున తన గ్రీజు గన్ను పాత తువ్వాలలో చుట్టి పెట్టాడు. సారె విప్పిన అత్తగారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇదేం పిచికారీ తల్లీ, మనకు హోలీ ఇంకా దూరమున్నది కదా అందట.

ఆ పిచికారీతోనే అనసూయమ్మ ఆ ఇంట్లో కాలు నిలదొక్కుకుంది. అప్పటికి వాళ్ల గానుగ పాతది, వారానికోసారి మూలిగేది. ఆమె పట్టుబట్టి మూడు ఇనుప రోలర్ల గానుగ తెప్పించింది. రేకుల షెడ్డు వేయించి, పక్కనే బెల్లం వండే పొయ్యి కట్టించింది. ముందు డీజిల్ ఇంజనుతో, తర్వాత కరెంటు మోటారుతో ఆ గానుగ ఏటా డిసెంబరు నుంచి శివరాత్రి దాకా తిరుగుతూనే ఉంది. సరిహద్దు అవతలి మరాఠీ రైతులు కూడా ట్రాలీల మీద చెరుకు తెచ్చి ఇక్కడే బెల్లం వండించుకుని పోతారు. ఇంట్లో ట్రాక్టరుంది, రోటవేటరుంది, కొడుకు వేణు కొన్న వరి కోత హార్వెస్టరుంది. అన్నింటి ఆయిలూ ఆమే చూస్తుంది. ప్రాణం మాత్రం గానుగ మీదే.

వేణు కన్ను మాత్రం గానుగ షెడ్డు మీద ఉంది. హార్వెస్టరు ఎండకూ వానకూ ఆరుబయటే నిలబడుతోందని అతని బాధ. తల్లితో ఆ మాట అనడానికి సందు కోసం చూస్తున్నాడు. ఆ సందు దసరాకు దొరికింది.

దసరా వస్తే ఆ ఇంట్లో ఇనుమన్న ప్రతిదానికీ స్నానం, రంగు, బొట్టు పడాల్సిందే. కొడవళ్లు, గడ్డపారలు, నాగళ్లు, ట్రాక్టరు, ఒకటేమిటి. గానుగకు మాత్రం రంగు వేసేది అనసూయమ్మే. ఎర్ర రంగు. ఆ సంవత్సరం చిలుము కాస్త ఎక్కువగా కనిపించిందని, తుడిచి, గీకి, ఒకసారి కాక రెండుసార్లు చిక్కగా పూసింది. పండుగనాడు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ కట్టి చూసుకుంటే గానుగ నిన్న షోరూములోంచి వచ్చినట్టుంది.

వేణు పక్కన నిలబడి నవ్వాడు. "ఎంత పూసినా ముసలిది ముసలిదే అవ్వా. గీ షెడ్డు నాకియ్యరాదు? హార్వెస్టర్ పెట్టుకుంట."

అనసూయమ్మకు చుర్రుమంది. "నీ హార్వెస్టర్ ఏడాదిల ఎన్నిసార్లు ఆగిందో నాకెర్క లేదా? నా గానుగ ఆగదు. గీ సీజన్‌ల ఒక్కసారి ఆగిందనుకో, నువ్వే పీకి తూకానికి అమ్ముకో. నేను అడ్డమస్తె అడుగు."

"పండుగ పూట పంతాలెందుకే" అని దేవన్న గొణిగాడు. ఎవరూ వినలేదు. పాలేర్లు, పక్కింటివాళ్లు, జమ్మి ఆకు పంచడానికి వచ్చిన చుట్టాలు అందరూ ఆ మాట విన్నారు. మాట నోరు దాటింది, ఇక అంతే.

డిసెంబరులో గానుగ మొదలైంది. రోలర్ల కిందికి వంగాలంటే ఈ మధ్య అనసూయమ్మ మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. అందుకని మొదటిసారి గ్రీజు గన్ను కోడలు శ్రీవాణి చేతికిచ్చింది. శ్రీవాణిది నవీపేట్. మాట తక్కువ, చెప్పింది చెప్పినట్టు చేసే రకం. రోలరు ఇరుసు తిరిగే ప్రతిచోటా చిన్న ఇత్తడి నిప్పిలు ఉంటుంది. దాని మూతికి గన్ను తగిలించి నొక్కితే గ్రీజు లోపలికి పోవాలి. "నిండినంక అంచుల పొంటి బయటికొస్తది. గప్పుడు ఆపాలె" అని అత్త నేర్పింది. కోడలు రోజూ పొద్దున్నే అలాగే చేస్తోంది.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు ఆత్మారాం చెరుకు వచ్చింది. సరిహద్దు అవతలి నుంచి ఏటా వచ్చే రైతే. రెండు ట్రాలీల చెరుకు కోసి తెచ్చి షెడ్డు ముందు దించాడు. కోసిన చెరుకు ఆగదు. ఎండితే రసం తగ్గుతుంది, ఇంకా ఆగితే పులుస్తుంది, ఆ రసంతో వండిన బెల్లం గట్టిపడదు. ఆ సంగతి తెలుసు కాబట్టే అతను అనసూయమ్మ గానుగను నమ్ముకుని వచ్చాడు.

మధ్యాహ్నం దాకా బాగానే నడిచింది. ఆమె పొయ్యి దగ్గర కడాయిలో నురగ తీస్తుండగా గానుగ గొంతు మారింది. ముందు చిన్నగా కీచుమంది. తర్వాత బెల్టు జారుతూ అరిచింది. మాడు వాసన ముక్కుకు తగిలేసరికి అనసూయమ్మ గరిటె పారేసి, మోకాళ్ల సంగతి మరిచి ఉరికింది. బటన్ నొక్కి ఆపి, పై రోలరు ఇరుసు మీది ఇనుప టోపీ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. చెయ్యి కాలింది. గానుగ బిగుసుకుపోయింది.

"గ్రీజు కొట్టినవా?" అని కోడలి మీదికి వెళ్లింది.

"కొట్టిన అత్తమ్మా. పొద్దుగాల్నే కొట్టిన. బయటికొచ్చేదాంక కొట్టిన."

"కొడితె గిట్లెట్ల కాలుతది? కండ్లు ఫోన్ల పెట్టి కొట్టినవా?"

"కొట్టిన" అంది శ్రీవాణి మళ్లీ. మొహం ఎర్రబడింది. అనసూయమ్మ ఆమె చేతిలోంచి గన్ను లాక్కుంది. ఆత్మారాం, పాలేర్లు, చెరుకు పెట్టే ఆడవాళ్లు అందరూ చూస్తున్నారు.

ఆత్మారాం తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "వహినీ, ఆతా కాయ్? ఇప్పుడేం జెయ్యాలె? నా చెరుకు ఎండిపోతది."

వేణు షెడ్డును ఈ మూల నుంచి ఆ మూల దాకా కళ్లతో కొలిచాడు. ఆ కొలత ఆమె చూసింది. కాలిన చెయ్యి కంటే అది ఎక్కువ మండింది.

గొలుసు కప్పీతో రోలరు ఎత్తి, టోపీ విప్పి చూస్తే, ఇరుసు కింద ఉండే పసుపు లోహపు బుష్ అరిగి, పిండి పిండిగా రాలి ఉంది. ఎత్తేటప్పుడు వేణు అడగకుండానే వచ్చి గొలుసు పట్టుకున్నాడు. ఆ రాత్రి అనసూయమ్మకు అన్నం సహించలేదు. గానుగ పోతుంది. అదీ తన నోటితో తాను అన్న మాట మీద పోతుంది. కోడలికి గ్రీజు గన్ను ఇవ్వకుండా ఉండాల్సిందని అరవైసార్లు అనుకుంది.

తెల్లారి ఆత్మారాంతో "సాయంత్రం దాంక ఆగు అన్నా. నీ చెరుకు పులువదు. నాది జిమ్మ" అని చెప్పి, బుష్‌నూ దాని మీది టోపీనీ సంచిలో వేసుకుని, ఇరుసు కొలత తీసుకుని బోధన్‌లో నిజామాబాద్ బస్సెక్కింది. సంచి కింద పెడితే బస్సు నేల దడాలుమంది. కండక్టరు తొంగిచూశాడు.

"ఏందమ్మా గది, బాంబా? టికెట్ ఆడోళ్లకే ఉచితం, ఇనుముకు కాదు."

"ఇది నా పెద్దబిడ్డ. ఆధార్ కార్డు ఇంట్ల మరిచిన" అంది అనసూయమ్మ. బస్సంతా నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు.

నిజామాబాద్ బస్టాండు వెనక సందులో సీమోను లేత్ షాపు ఉంది. కుర్రతనంలో ఆమె తండ్రి దగ్గర పని నేర్చినవాడు, అప్పటి నుంచీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు. షాపు మూసి ఉంది. క్రిస్మస్ ముందు రోజని అప్పుడు గుర్తొచ్చింది. అడుగుతూ చర్చి దగ్గరికి పోతే, సీమోను నిచ్చెన ఎక్కి పెద్ద నక్షత్రం కడుతున్నాడు. కింద భార్య ఎస్తర్ నిచ్చెన పట్టుకుని ఉంది.

"అక్కా, ఇయ్యాల షాపు బంద్. ఎల్లుండి రా" అన్నాడు పైనుంచే.

సంచిలోని బుష్ చూసి, చెరుకు సంగతి విని ఎస్తర్ నిచ్చెనను ఒక్క ఊపు ఊపింది. "దిగు దిగు. యేసయ్య పుట్టేది రేపు. అక్క చెరుకు ఎండేది ఇయ్యాల. నక్షత్రం పిల్లలు కడ్తరు."

సీమోను షాపు తెరిచాడు. కొత్త గన్‌మెటల్ ముక్క లేత్‌కు ఎక్కించి, ఇరుసు కొలతకు తొలచడం మొదలుపెట్టాడు. సన్నటి పసుపు చుట్టలు కింద రాలుతుంటే అనసూయమ్మ కొంచెం ఊపిరి పీల్చుకుంది. పనిమంతుడి దగ్గర కూర్చుంటే ఆమెకు ఎప్పుడూ ధైర్యంగా ఉంటుంది. చాయ్ తాగుతూ కోడలి మీద మొత్తం చెప్పుకుంది. ఈకాలం పిల్లలకు శ్రద్ధ లేదని, గ్రీజు కొట్టమంటే పైపైన పూసి ఉంటుందని.

సీమోను వింటూనే టోపీ చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ తన గన్ను దాని నిప్పిలుకు తగిలించి నొక్కాడు. గ్రీజు నిప్పిలు మూతి పక్కల నుంచి పురుగులా వంకర తిరిగి బయటికొచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. టోపీ తిరగేసి చూస్తే లోపలి రంధ్రం పొడిగా ఉంది.

"అక్కా, ఇది లోపలికే పోతలేదు."

నిప్పిలు విప్పి, సూది పెట్టి మూతిలో గీకాడు. కుంకుమంత ఎర్రటి పెళ్ల ఒకటి ఊడి అతని అరచేతిలో పడింది.

"గిదేంది అక్కా? పెయింటా?"

అనసూయమ్మ చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది. దసరా, రెండు పూతలు, చిక్కటి రంగు, అంతా ఒక్కసారి కళ్ల ముందు నిలిచింది. బ్రష్షు ఆ మూతుల మీదుగా పోయింది తన చేతిలోనే. బాపు ఉన్నప్పుడు రంగు వేసే ముందు ప్రతి నిప్పిలుకూ పాత గుడ్డ పేలిక చుట్టేవాడు. ఆమె కూడా ఏటా చుట్టేది. ఈసారి మోకాళ్ల నొప్పితో, గానుగ మెరవాలన్న తొందరతో చుట్టలేదు. బయటికొచ్చేదాంక కొట్టిన అంది శ్రీవాణి. బయటికే వచ్చింది మరి. లోపలికి పోయే దారి అత్త మూసేసింది.

సీమోను ఆమె మొహం చూసి అర్థం చేసుకున్నాడు. నవ్వాపుకోలేకపోయాడు. "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊకెనే అన్నరా అక్కా?"

ఆమెకు ఆ సామెత సూదిలా గుచ్చుకుంది. సిగ్గేసింది. మిషన్ ముందర అంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు.

సీమోను గొంతు తగ్గించాడు. "పోనీ, బుష్ పాతదయింది, అరిగిందని చెప్పు. ఎవలకెర్క? నేను జెప్తనా?"

"నోరు ముయ్యి" అంది అనసూయమ్మ. "బాపు గన్ను ఇంట్ల పెట్టుకొని అబద్ధమాడుదునా? ఆ పెళ్ల ఇటియ్యి." ఎర్రటి పెళ్లను కాగితంలో మడిచి కొంగున ముడి వేసుకుంది.

తిరుగు బస్సులో దారి పొడుగునా ఏం అనాలో సాధన చేసింది. యంత్రాలకు ఆమె చాలాసార్లు క్షమాపణ చెప్పుకుంది. గేరు విరిగితే, తప్పు బోల్టు బిగిస్తే, ఇనుము మీద చెయ్యి వేసి తప్పయింది తల్లీ అనుకునేది. మనుషులకు చెప్పడం అలవాటు లేదు. అందులోనూ కోడలికి. బోధన్ వచ్చేసరికి అనుకున్న మాటలన్నీ కరిగిపోయాయి. దిగాక మళ్లీ ధైర్యం కూడగట్టుకుంది. తప్పు చేసిన నోరు ఎంత పెద్దదో ఒప్పుకునే నోరూ అంత పెద్దదే కావాలి, గుసగుసలాడితే లాభం లేదు అనుకుంది.

షెడ్డు దగ్గర ఆత్మారాం ట్రాలీలు కదలలేదు. చెరుకు మీద తడి గోనె సంచులు కప్పి ఉన్నాయి. దేవన్న ఎదురొచ్చాడు. "ఆత్మారాం ఇంకో గానుగకు పోత అన్నడు. వేణు ఆపిండు. మా అవ్వ సాయంత్రం అన్నదంటె సాయంత్రమే అని నీళ్లు జల్లి కప్పిండు."

అనసూయమ్మ కొడుకు వైపు చూసింది. అతను సెల్‌ఫోను చూసుకుంటున్నట్టు నటించాడు. శ్రీవాణి కడాయి తోముతోంది, తల ఎత్తలేదు.

ఆమె షెడ్డు నడుమకు పోయి నిలబడింది. కొంగు ముడి విప్పి కాగితం తెరిచింది.

"అందరు ఇటు సూడుండ్రి. నిన్న నా కోడలిని మీ అందరి ముందట తిట్టిన కదా, ఇప్పుడు గూడ అందరు ఇనుండ్రి. గ్రీజు పోకుంట అడ్డం పడ్డది గిదే. దసరాకు నేను పూసిన రంగు. గుడ్డ చుట్టకుంట పూసిన. శ్రీవాణి సరిగనే కొట్టింది. తప్పు నాది."

ఆమె గోడకున్న గ్రీజు గన్ను తీసి కోడలి దగ్గరికి పోయింది. "తీస్కో బిడ్డ. నిన్న నీ చేతిలకెల్లి గుంజుకున్న. గట్ల గుంజుకోవద్దుండె."

శ్రీవాణి మసి చేతులు తుడుచుకుని గన్ను అందుకుంది. కళ్లు నిండాయి గాని ఏడవలేదు. నేరుగా గానుగ దగ్గరికి నడిచి, జడలోంచి పిన్ను తీసి, మిగిలిన నిప్పిళ్లు ఒక్కొక్కటే గీకడం మొదలుపెట్టింది. అనసూయమ్మ, వేణు కలిసి కొత్త బుష్ కూర్చోబెట్టారు. ఇరుసును సన్న గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశారు. కింది నుంచి కోడలి గొంతు వినిపించింది.

"అత్తమ్మా, కింది రోలర్‌కు గూడ ఒకటి మూసుకపోయింది. ఇది గూడ మీ రంగే."

పాలేర్లు పక్కకు తిరిగి నవ్వారు. అనసూయమ్మ కూడా నవ్వేసింది. ఆ రెండోది ఇంకో వారంలో కాలి ఉండేదని ఆమెకు తెలుసు.

పొద్దు వాలకముందే బటన్ నొక్కారు. గానుగ ఒకసారి గొంతు సవరించుకుని, తన పాత రాగం అందుకుంది. ఆమె స్క్రూడ్రైవరు చెవికి ఆనించి విన్నది. తర్వాత టోపీ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. చల్లగా ఉంది. ఆత్మారాం మొదటి మోపు పెట్టాడు. ఆకుపచ్చని రసం తొట్టిలోకి దూకింది. గానుగ తిప్పినప్పుడల్లా మొదటి గ్లాసు చెరుకు తెచ్చిన రైతుకు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఆత్మారాం దాన్ని అందుకుని, రెండు చేతులతో శ్రీవాణికి ఇచ్చాడు.

ఇక మిగిలింది మాట. అనసూయమ్మ కొడుకు ముందుకు వచ్చి నిలబడింది.

"వేణూ, మాటంటె మాటే. గానుగ ఆగింది. ఆత్మారాం చెరుకు అయినంక షెడ్డు నీది. పీక్కపో."

వేణు గానుగ వైపు చూశాడు, తల్లి కాలిన చెయ్యి వైపు చూశాడు. తల గోక్కున్నాడు. "నాకేమెర్కవ్వా దీని సంగతి? గ్రీజు గన్ను ఎవల చేతిల ఉన్నదో వాళ్లనే అడుగు. ఉంచుమంటె ఉంచుదాం, తీసేయ్యుమంటె తీసేద్దాం."

అందరూ శ్రీవాణి వైపు తిరిగారు. నిన్న ఇదే చోట ఇంతమంది ముందు తిట్లు తిన్న పిల్ల. అనసూయమ్మ బతుకంతా నడిపిన గానుగ ఇప్పుడు ఆ పిల్ల నోటి మాట మీద ఉంది. తాను ఆ చోట ఉంటే ఏమని ఉండేదో ఆమెకు బాగా తెలుసు, అందుకే భయం.

శ్రీవాణి తొందరపడలేదు. రసం గ్లాసు పూర్తిగా తాగి పక్కన పెట్టింది.

"ఉంచుదాం. కని ఒక్క షరతు."

"ఏంది?"

"వచ్చే దసరాకు దీనికి రంగు నేనేస్త. మీరు బ్రష్షు ముట్టొద్దు."

ఆ ఇంట్లో అనసూయమ్మను ఇనుము ముట్టొద్దన్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పాలేర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనసూయమ్మ నడుముకు చుట్టిన కొంగు విప్పి, మొహం తుడుచుకుని, మళ్లీ చుట్టుకుంది.

"ముట్ట బిడ్డ" అంది. "బ్రష్షు వడ్ల గుమ్మి ఎనక పెట్టిన. నా కంట పడకుంట నువ్వే దాచుకో."